బిగించిన బోల్టు మళ్లీ ఎందుకు వదులవుతుంది?

"మొన్ననేగా బిగించింది, మళ్లీ లూజయిందేంటి?" బండి ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సైడ్ ప్యానెల్ కావచ్చు, హెడ్‌లైటు మీద వైజర్ కావచ్చు, చైన్ కవరో శారీ గార్డో నంబరు ప్లేటో కావచ్చు, ఏదో ఒకటి గలగలమంటుంది. పదో నంబరు పానా తెచ్చి బలంకొద్దీ తిప్పుతాం. వారం రోజులు చప్పుడుండదు. తర్వాత మళ్లీ మొదలు. ఈసారి ఇంకాస్త బలం పెడతాం. ఆఖరికి ప్లాస్టిక్ చెవి పుటుక్కున విరుగుతుంది, లేదంటే మరలు కొట్టుకుపోయి బోల్టు ఊరికే గిరగిరా తిరుగుతుంది.

ఇక్కడ మన లెక్కలోనే ఒక పొరపాటుంది. బోల్టు తిరిగితే వదులవుతుందని అనుకుంటాం. చాలాసార్లు అసలు వరుస దానికి తలకిందులు. ముందు పట్టు పోతుంది, ఆ తర్వాతే బోల్టు తిరగడం మొదలుపెడుతుంది. పట్టు ఎందుకు పోయిందో చూడకుండా తిప్పుకుంటూ పోతే అది వారం రోజుల వైద్యమే.

వణుకు ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఊళ్లలో తిరిగే చిన్న బళ్లన్నిటికీ ఒకటే సిలిండరు. 1994లో వచ్చిన హీరోహోండా స్ప్లెండర్‌నే తీసుకోండి. 97.2 సీసీ ఇంజిను, సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఇంజిను నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సెకనుకు 75 సార్లు పోయి వస్తుంది. ఒక్కో రాకపోకకు రెండుసార్లు పూర్తిగా ఆగి దిక్కు మార్చుకోవాలి. అలా ఆగిన ప్రతిసారీ ఆ విసురు ఇంజిను ఒంటికి, అక్కడి నుంచి ఛాసిస్‌కు తగులుతుంది.

దీన్ని తగ్గించడానికి క్రాంక్ మీద ఎదురు బరువు పెడతారు. అయితే పిస్టన్ ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ పోతుంది, ఎదురు బరువేమో గుండ్రంగా తిరుగుతుంది. పిస్టన్ విసురును పూర్తిగా చంపేంత బరువు పెడితే, ఆ బరువు పైకీ కిందికీ తిరిగేటప్పుడు అంతే విసురు అటు పుడుతుంది. అందుకని ఇంజనీర్లు మధ్యలో రాజీ పడి దాదాపు సగం మాత్రమే చంపుతారు. మిగతా సగాన్ని రెండు దిక్కులకూ పంచి బండికి వదిలేస్తారు. పెద్ద బళ్లలో దీనికోసం విడిగా ఇంకో ఇరుసు తిప్పుతారు. 100 సీసీ బండిలో ఆ ఖర్చు పెట్టరు. పిస్టన్ ఒకసారి పోయి రావడాన్ని ఒకే కుదుపుగా లెక్కేసినా, అదే వేగంలో గంటసేపు నడిపితే ఒక్కో బోల్టుకు 2,70,000 కుదుపులన్నమాట. ఇది రోడ్డు లెక్క వేయకముందే.

రోడ్డు సంగతికొస్తే, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తీ మిరపా పండేది ఎక్కువగా నల్లరేగడిలోనే. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీళ్లు దూరితే నేల ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఈ నేల మీద వేసిన తారురోడ్డు నాలుగేళ్లకే అలల్లా తేలడానికి కాంట్రాక్టరు ఒక్కడే కారణం కాదు. రోడ్డు దిగి డొంక పట్టామా, వానలప్పుడు ట్రాక్టరు తొక్కిన గాళ్లు వేసవిలో రాళ్లలా గట్టిపడి ఉంటాయి. వానాకాలం ఇంకో తంటా. బంకమట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డ్ కిందికి చేరి కూరుకుపోతుంది, చక్రం కదలదు. పుల్లతో గీకి తీసేలోపు మడ్‌గార్డ్ బోల్టుల మీద పడాల్సిన ఒత్తిడి పడే ఉంటుంది. వెనక సీటు మీద 45 కిలోల యూరియా బస్తా వేసుకుని ఈ దారిలోనే పోతాం.

వదులు చేసేవాటిలో మూడోది ఎండ. రెంటచింతల పేరు చెబితే రాష్ట్రమంతటికీ తెలిసేది ఎండే. ఇది ఎలా వదులు చేస్తుందో ప్లాస్టిక్ దగ్గర చూద్దాం.

బోల్టు ఎలా పట్టుకుంటుంది?

బోల్టు రెండు రేకుల్ని మేకులా గుచ్చి పట్టుకోదు. బిగించే కొద్దీ అది సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ కురచవ్వాలని చూస్తుంది. ఆ లాగుడే తలకూ నట్టుకూ మధ్య ఉన్న రేకుల్ని అదిమి పట్టేది. దీన్ని మనం బిగువు అందాం.

పదో నంబరు పానా పట్టే బోల్టు మర మందం సాధారణంగా 6 మిల్లీమీటర్లు. గట్టిరకం ఉక్కుదైతే దాన్ని 10 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోలు వేలాడదీసినంత బలంతో బిగించవచ్చు. చేతికి అదేమంత బరువనిపించదు గానీ లోపల పుట్టే బిగువు దాదాపు 800 కిలోలు. ఇంకో విచిత్రం, మనం పెట్టిన శ్రమ నూరుపాళ్లనుకుంటే అందులో 50 పాళ్లు బోల్టు తల కింద రాపిడికి, 40 పాళ్లు మరల మధ్య రాపిడికి పోతాయి. బోల్టును సాగదీయడానికి మిగిలేది 10 పాళ్లే. మరలకు నూనె రాస్తే ఈ పంపకం మారిపోతుంది. రాపిడి తగ్గి, అదే చేతి బలానికి బోల్టు ఎక్కువగా సాగుతుంది. నూనె పూసి పాత అలవాటు ప్రకారమే బిగించిన బోల్టు ఒక్కోసారి తెగి చేతిలోకి రావడం అందుకే.

ఇంతకీ ఎంత సాగుతుంది? 20 మిల్లీమీటర్ల మందాన్ని పట్టుకున్న బోల్టు ఆ 800 కిలోల బిగువుకు సాగేది 0.04 మిల్లీమీటరు. ఈ అంకెను కాస్త గుర్తుంచుకోవాలి. బిగువంతా ఈ కాస్త సాగుడులోనే ఉంది. తల కింద ఉన్న రంగు పొర నలిగినా, తుప్పు పెచ్చు రాలినా, ఇరుక్కున్న మట్టి పొడైపోయినా పోయేది అంతే మందం. అంత పోతే బోల్టు ఒక్క వీసం కూడా తిరక్కుండానే దాని పట్టు మొత్తం పోయినట్టు. కొత్తగా రంగు వేయించిన బండికి వారంలోనే గలగల మొదలవడం చాలామందికి అనుభవమే. మెకానిక్ సరిగా బిగించలేదని తిట్టుకుంటాం. చాలాసార్లు అతను బాగానే బిగించి ఉంటాడు, తల కింద రంగు నలిగి ఉంటుంది. కొత్త రంగు వేశాక బోల్టు ఆనే చోట గీకి లోహం తేల్చడం, నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడడం అందుకే అవసరం.

మిర్చి యార్డులో పలక

బిగువు తగ్గిన బోల్టు ఎలా తిరుగుతుందో చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకు పోవాలి. లారీకి ఆనించిన పలక మీద ఒక మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఉందనుకోండి. బోల్టు మీది మర కూడా ఇలాంటి పలకే, కాకపోతే కడ్డీకి చుట్టి ఉంది. మన 6 మిల్లీమీటర్ల బోల్టులో ఒక చుట్టుకు పలక పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, ఎక్కే ఎత్తు 1 మిల్లీమీటరు. యార్డు కొలతల్లో చెబితే 17 అడుగుల పలకకు ఒక చివర అడుగు ఎత్తు పెట్టినట్టు. అంత తక్కువ వాలు మీద నలభై కిలోల టిక్కీ జారదు, రాపిడి ఆపుతుంది. మామూలు ఉక్కు మరల రాపిడికైతే రెండు, రెండున్నర అడుగులు లేపితే గానీ జారుడు మొదలవదు. బోల్టు తనంతట తాను విప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పలక ఎత్తు మార్చకండి. ఇద్దరు హమాలీలు పలకను రెండు పక్కలా పట్టుకుని కుడికీ ఎడమకూ గట్టిగా ఊపారనుకోండి. టిక్కీ పక్కకు జారుతుంది. అలా జారే క్షణంలో దానికున్న రాపిడంతా ఆ పక్క జారుడుకే సరిపోతుంది. కిందికి పోకుండా ఆపడానికి ఏమీ మిగలదు. కాబట్టి ప్రతి ఊపుకూ టిక్కీ కాస్త కాస్త దిగుతుంది. ఎవరూ కిందికి తోయలేదు, వాలూ పెరగలేదు, అయినా కాసేపటికి టిక్కీ నేల మీద ఉంటుంది. చూసేవాడికి పక్క ఊపే కనపడుతుంది, దిగుడు కనపడదు. బోల్టులోనూ అంతే. బోల్టు పట్టుకున్న రేకు అడ్డంగా కాస్త కదిలితే చాలు, మరలు పక్కకు జారతాయి, ఆ సందులో బోల్టు విప్పుకునే వైపుకు రవ్వంత తిరుగుతుంది.

ఇది తేల్చి చెప్పినవాడు గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు. అంతకుముందు అందరూ బోల్టు పొడవునా లాగీ వదిలే కుదుపులనే అనుమానించారు. 1945లో గూడియర్, స్వీనీ అనే ఇద్దరు అలాగే పరీక్షిస్తే బోల్టు తిరిగింది చాలా కొంచెమే. యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధనలో రేకుల్ని అడ్డంగా ఊపే యంత్రం పెట్టి చూపించాడు. పూర్తిగా బిగించిన బోల్టు కూడా కొన్ని వందల అడ్డ ఊపులకే వదులైపోయింది. నేటికీ బోల్టుల్ని పరీక్షించే పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ యంత్రం మీద పరువు పోగొట్టుకున్నది స్ప్రింగ్ వాషర్. మన షెడ్లలో దానికున్న గౌరవం అంతా ఇంతా కాదు. బిగించడం పూర్తయ్యేసరికి ఆ చీలిక చప్పిడైపోయి అది మామూలు వాషరే అవుతుంది. స్ప్రింగుగా దాని బలం బోల్టు బిగువు ముందు ఎందుకూ చాలదు. 1990లో నాసా తన ఇంజనీర్ల కోసం వేసిన బోల్టుల చేతిపుస్తకం కూడా ఇది వదులు కాకుండా ఆపలేదనే తేల్చింది. ఉన్నది తీసి పారేయక్కర్లేదు. దాని మీద నమ్మకం పెట్టుకోకపోతే చాలు. నట్టులోనే నైలాన్ రింగు ఉండే రకం నయం. బిగువు పోయినా అది మరను పట్టుకుని ఉంటుంది కనుక నట్టు ఊడి రోడ్డు మీద పడదు. నాలుగైదుసార్లు విప్పి బిగించాక చేత్తోనే తిరుగుతుంటే దాన్ని మార్చాలి.

ఈ అడ్డ జారుడుకు కంటికి కనిపించే ఆనవాలు ఒకటుంది. వదులైన బోల్టు తల చుట్టూ చూడండి, ఎర్రమట్టి రంగులో మెత్తటి పొడి ఉంటుంది. మిర్చి కళ్లంలో తిరిగొచ్చిన బండైతే కారం అనుకునే ప్రమాదం ఉంది. అది రెండు ఉక్కు ముఖాలు ఒకదాని మీద ఒకటి రాసుకుని రాలిన ఇనుపరజను, గాలికి తుప్పుగా మారింది. విప్పి చూస్తే వాషర్ ఆనిన చోట మెరుస్తున్న వలయం కనపడుతుంది. చప్పుడు మొదలవకముందే ఈ పొడి కనపడితే మనం ముందున్నట్టు.

ప్లాస్టిక్ లెక్క వేరు

ఉక్కు మీద ఉక్కు ఆనే చోట పనికొచ్చే గట్టి బిగింపు ప్లాస్టిక్ దగ్గర బెడిసికొడుతుంది. ప్లాస్టిక్‌ను అదిమి ఉంచితే అది రోజుల తరబడి మెల్లగా ఒదిగిపోతుంది. ఎండలో ఇంకా తొందరగా. ఎంత బిగించినా నెలకు ఆ బిగువు ఉండదు. మళ్లీ బిగిస్తే ఇంకాస్త పలచబడుతుంది, చివరికి బీటలు.

వ్యాకోచం ఇంకోటి. రాత్రి 25 డిగ్రీల దగ్గరున్న నల్ల ప్యానెల్ మధ్యాహ్నం ఎండలో 65 దాకా వేడెక్కిందనుకుందాం. 30 సెంటీమీటర్ల ప్యానెల్ దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. దాని వెనక ఉక్కు ఛాసిస్ పెరిగేది అందులో ఏడో వంతు. కదలడానికి చోటు లేకుండా బిగిస్తే ఆ తేడా ప్యానెల్ చెవి మీద పడుతుంది. కంపెనీవాళ్లు రంధ్రాల్ని కోలగానో, బోల్టు కన్నా పెద్దగానో పెట్టేది ఇందుకే. చేయి తిరగనివాడు పెట్టాడనుకుని వాటిని ఎమ్‌సీల్‌తో పూడ్చేవాళ్లూ ఉన్నారు!

అసలు రహస్యం ఒక చిన్న లోహపు గొట్టంలో ఉంది. మడ్‌గార్డ్, టెయిల్ ప్యానెల్ లాంటివి విప్పినప్పుడు రంధ్రంలో రబ్బరు, దాని మధ్యలో పొట్టి ఇనుప బుష్షు కనపడతాయి. బోల్టు బిగుసుకునేది ఈ బుష్షు మీద, ఉక్కు మీద ఉక్కు. ప్లాస్టిక్ రబ్బరు మధ్యలో తేలుతూ ఉంటుంది, దానికి కొంచెం ఆట ఉండాలి. సర్వీసింగులో ఆ బుష్షు జారి మట్టిలో పడుతుంది, ఎవరూ చూసుకోరు. అప్పటి నుంచి బోల్టు నేరుగా ప్లాస్టిక్‌నే నొక్కుతుంది. గలగలా బీటలూ రెండూ మొదలయ్యేది ఆ రోజునే. ప్యానెల్ విప్పిన ప్రతిసారీ కింద గుడ్డ పరిచి, బుష్షులు లెక్కపెట్టుకోండి. పోయినదాని బదులు అదే పొడవున్న ఇనుప గొట్టం ముక్కను హార్డ్‌వేర్ షాపులో కోయించుకున్నా పని జరుగుతుంది. పొడవు మాత్రం తేడా రాకూడదు.

సైడ్ ప్యానెళ్లలో చాలావాటికి బోల్టు ఒకటే ఉంటుంది, మిగతావి రబ్బరు కన్నాల్లోకి దిగే కొమ్ములు. ఎండకూ గాలికీ రబ్బరు ఎండి కన్నం పెద్దదవుతుంది, కొమ్ము కొట్టుకుంటుంది. చాలా గలగలలకు మందు ఆ రబ్బరు మార్చడమే. కొమ్ము ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయండి. పెట్రోలు, ఇంజనాయిలు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది.

ఇంట్లో కూర్చుని చేసే పని

ముందు చప్పుడు దేనిదో తేలాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ మెల్లగా పెంచండి. ఒకచోట గలగల వచ్చి ఇంకాస్త పెంచగానే పోతే అది ఇంజను వణుకుకు పలుకుతున్న భాగం. ప్రతి రేకుకూ, ప్రతి ప్యానెల్‌కూ తనకంటూ ఒక ఊగు వేగం ఉంటుంది. ఇంజను సరిగ్గా ఆ వేగానికి వచ్చినప్పుడే అది గొంతెత్తుతుంది. అప్పుడు ఇంకొకరు అరచేత్తో ఒక్కో భాగాన్నీ అదిమి చూడాలి. చేయి పెట్టగానే చప్పుడు ఆగిందంటే దొంగ దొరికినట్టే. సైలెన్సర్ జోలికీ చైను జోలికీ చేయి పోనివ్వొద్దు. స్టాండ్ మీద ఎంత పెంచినా మాట్లాడకుండా గతుకుల్లో మాత్రమే చప్పుడొస్తే రబ్బర్లు, కొమ్ములు, స్టే రాడ్లు చూడాలి.

విప్పేటప్పుడు స్టార్ స్క్రూల తల కేసి ఒకసారి చూడండి. జపాన్ డిజైన్ల మీద తయారైన బళ్లలో కొన్ని స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది. అవి జపాన్ కొలత గాళ్లు. బజారులో దొరికే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ ఫిలిప్స్ కొలతది, అందులో అడుగుదాకా దిగదు. కొద్దిగా బలం పెట్టగానే జారి గాడిని నమిలేస్తుంది. ఆ కొలత బిట్టు ఒకటి కొనిపెట్టుకోవడం తర్వాత తల తెగకోయించుకోవడం కన్నా చౌక.

మరలు మట్టీ నూనే లేకుండా తుడిచి, తల ఆనే చోటు శుభ్రం చేసి, బుష్షూ వాషరూ సరిచూసి బిగిస్తే సగం గలగలలు అక్కడే తీరిపోతాయి. అయినా లోహంలోకి దిగే బోల్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క చాలు. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ తయారుచేసిన సరుకు ఇది. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగా ఉంటుంది, గాలి అందని మరల సందులో లోహం తగిలితే గట్టిపడుతుంది. సీసాను నిండా నింపకుండా అమ్మేది మోసం చేయడానికి కాదు, లోపల గాలి లేకపోతే సీసాలోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. దీన్ని ప్లాస్టిక్ దగ్గర వాడకండి. లోహం లేదు కనుక సరిగా గట్టిపడదు, పైగా ఏబీఎస్ ప్లాస్టిక్‌కు తగిలితే కొన్నాళ్లకు రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి బీటలు తీస్తుంది.

రేకుకు రేకు కొట్టుకునే చోట, కవరు అంచు ఛాసిస్‌కు తగిలే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క బాగా పనిచేస్తుంది. అది ఊగును మింగేస్తుంది. అదే ముక్కను బరువు మోసే బోల్టు తల కింద వాషర్‌లా పెట్టడం మాత్రం తప్పు. రబ్బరు ఒదిగిపోతుంది, బోల్టులోని ఆ 0.04 మిల్లీమీటర్ల సాగుడు నిలవదు. ఈ తేడా తెలియక క్యారియర్ బోల్టుల కింద ట్యూబు ముక్కలు పెట్టిన బళ్లు ప్రతి ఊళ్లోనూ కనపడతాయి.

విరిగిన చెవి అతికించే ముందు ప్యానెల్ లోపలి వైపు చూడండి, ఏ ప్లాస్టికో పొడి అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే ఫెవిక్విక్ పట్టుకుంటుంది. మర పోయిన రంధ్రంలో వంటసోడా చల్లి దాని మీద రెండు చుక్కలు వేస్తే రాయిలా బిగుస్తుంది, తర్వాత మళ్లీ డ్రిల్లు వేసుకోవచ్చు. అప్పుడు వేడి, ఘాటు పొగ వస్తాయి, మొహం దగ్గరగా పెట్టొద్దు. పీపీ అని ఉంటే ఏ గమ్మూ సరిగా అంటదు. రెండు పక్కలా రంధ్రాలు పెట్టి కేబుల్ టై కట్టడమే మేలు. నల్లటిదే కట్టండి, అందులో కలిపిన మసి ఎండకు కాపు. తెల్లది మన ఎండకు ఎన్నాళ్లో ఆగదు.

శారీ గార్డ్ విషయంలో ఒక మాట. గలగల భరించలేక దాన్ని పీకి పాకలో పడేసేవాళ్లు చాలామంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే మెట్టు ఉండాలి, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. పత్తితీతకు, మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లను వెనక ఎక్కించుకుని తిరిగే ప్రాంతంలో చీర కొంగు చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దాని రెండు బోల్టులకూ నైలాన్ నట్లు వేసి, గార్డు ఛాసిస్‌కు తగిలే చోట ట్యూబు ముక్క చుడితే నోరు మూస్తుంది.

ఇవన్నీ పైపై భాగాల సంగతి. బ్రేకులు, చక్రాల ఇరుసులు, హ్యాండిల్ క్లాంపులు ఇంటి పానాకు వదిలేసేవి కావు. వైజర్ చప్పుడనుకున్నది ఒక్కోసారి హ్యాండిల్ కింద కోన్‌సెట్‌ది, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుది అవుతుంది. తెలుసుకోవడం తేలిక. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి, ఒక వేలు హ్యాండిల్ మెడ దగ్గర ఆనించి ఉంచండి. వేలికి టక్కుమని తగిలిందంటే బండిని షెడ్డుకు తీసుకెళ్లాలి. విప్పాక గిన్నెలు చూపించమని అడగండి. బాల్స్ ఆనిన చోట గుంటలు పడి ఉంటే బిగించి పంపితే ఒప్పుకోవద్దు, సెట్టు మొత్తం మార్పించండి.